పేర్లెన్నో, రేవులో చోటు ఒక్కటే

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారం.

ఆస్ట్రేలియా తీరంలో విహార నౌకా సంస్థల మధ్య పోటీ ముదిరిందనీ, దానివల్ల ఛార్జీలు సామాన్య కుటుంబాలకు అందుబాటులోకి వస్తున్నాయనీ మీ పర్యాటక పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. అమ్మానాన్నలను ఇండియా నుంచి రప్పించుకుని, వాళ్లు ఉన్న మూడు నెలల్లో ఒకసారైనా ఓడ ఎక్కించాలని ముచ్చటపడే మాలాంటివాళ్లు ఇటువంటి వ్యాసాలను కత్తిరించి దాచుకుంటారు. అందుకే అందులో సరిదిద్దవలసిన విషయం ఒకటి ఉందని చెప్పడానికి ఈ లేఖ రాస్తున్నాను. కరపత్రాల మీద కనిపించే పేర్ల సంఖ్యను చూసి పోటీని కొలవకూడదు. ఆ పేర్ల వెనుక ఉన్న యజమానులు ఎంతమంది, వాళ్ల ఓడలు నిలబడడానికి రేవులో ఉన్న చోటు ఎంత, ఆ ఓడలు ఇక్కడే ఉండాలన్న నిర్బంధం ఏమైనా ఉందా అన్నవి చూస్తే మీ వ్యాసంలోని చిత్రం చాలావరకు మారిపోతుంది.

ముందు యజమానుల సంగతి. కార్నివాల్, ప్రిన్సెస్, క్యూనార్డ్, హాలండ్ అమెరికా అనే నాలుగు పేర్లనూ మీ వ్యాసం నాలుగు వేర్వేరు సంస్థలుగా లెక్కించింది. ఈ నాలుగూ కార్నివాల్ కార్పొరేషన్ అనే ఒకే సంస్థవి. రాయల్ కరీబియన్, సెలబ్రిటీ అన్న రెండు పేర్లకూ యజమాని మళ్లీ ఒక్కరే. ఒకే వ్యాపారి ఒకే వీధిలో నాలుగు బోర్డులు కట్టి, ఒక కొట్టులో బేరం కుదరనివాళ్లు పక్క కొట్టుకు వెళితే అక్కడా తానే గల్లా పెట్టె ముందు కూర్చోవడం లాంటిది ఇది. ఒక్కో బోర్డు కింద దొరికే సరుకులో తేడా లేదని నేను అనను. క్యూనార్డ్ ఓడలో సాయంత్రం పాటించే దుస్తుల మర్యాదకూ, కార్నివాల్ ఓడలో పిల్లలు జారే నీటి గొట్టాల సందడికీ పోలికే లేదు. అయితే ఏ ఓడను ఏ రేవుకు పంపాలి, ఏ పేరును ఉంచాలి, దేన్ని తీసేయాలి అన్న నిర్ణయాలు మాత్రం ఒకే బల్ల దగ్గర జరుగుతాయి.

అటువంటి నిర్ణయం ఎలా ఉంటుందో ఆస్ట్రేలియా ఈ మధ్యే చూసింది. 1932 డిసెంబరులో స్ట్రాత్‌ఎయిర్డ్ అనే ఓడ సిడ్నీ నుంచి బ్రిస్బేన్, నార్‌ఫోక్ దీవి మీదుగా సాగించిన విహారయాత్రతో పి అండ్ ఓ అనే నౌకా సంస్థ పేరు ఇక్కడి సెలవుల్లో భాగమైంది. మా పక్కింటి పెద్దావిడ తన పెళ్లి కాకముందు చేసిన ఓడ ప్రయాణం గురించి చెప్పేటప్పుడు ఇప్పటికీ క్రూయిజ్ అనరు, పి అండ్ ఓలో వెళ్లామనే అంటారు. 2003లో పి అండ్ ఓ ప్రిన్సెస్ సంస్థ కార్నివాల్ గూటికి చేరినప్పుడు ఈ పేరు కూడా దానితోపాటే వెళ్లింది. 2024 జూన్‌లో ఆ పేరును రద్దు చేస్తున్నట్టు ప్రకటన వచ్చింది. చిన్న జనాభా, పెరిగిన నిర్వహణ వ్యయం, నియంత్రణల ఖర్చు అందుకు కారణాలుగా చెప్పారు. 2025 మార్చి నాటికి పని పూర్తయింది. పసిఫిక్ అడ్వెంచర్, పసిఫిక్ ఎన్‌కౌంటర్ అనే రెండు ఓడలు పేరులో పసిఫిక్ బదులు కార్నివాల్ తగిలించుకుని ఇక్కడే నిలిచాయి. మూడోదైన పసిఫిక్ ఎక్స్‌ప్లోరర్ చేతులు మారి, స్టార్ వాయేజర్ అనే కొత్త పేరుతో సింగపూర్ వైపు వెళ్లిపోయింది. 92 ఏళ్లు దాటిన పేరు చెరిగిపోవడానికి పట్టిన కాలం తొమ్మిది నెలలు. ఆ సంస్థను పోటీదారులెవరూ ఓడించలేదు. సొంత ఇంటివాళ్లే లెక్కలు చూసుకుని మూసేశారు.

దీన్ని బట్టి పోటీ ఎప్పుడూ లేదని వాదించడం నా ఉద్దేశం కాదు. ఒకప్పుడు గట్టి పోటీయే ఉండేది, దాని ఫలితం ప్రయాణికులకు అందింది కూడా. చాలాకాలం పాటు ఆస్ట్రేలియాకు వచ్చిన ఓడలు ఎక్కువగా ఇతర దేశాల్లో సగం ఆయుష్షు గడిపినవే. ఇప్పుడు చెప్పిన ముగ్గురు పసిఫిక్ తోబుట్టువులూ 1997, 2001, 2002 సంవత్సరాల్లో ప్రిన్సెస్ పేరుతో పుట్టి, వయసు మళ్లాక ఇటు వచ్చినవే. 2012లో వాయేజర్ ఆఫ్ ద సీస్‌ను రాయల్ కరీబియన్ సిడ్నీకి తెచ్చినప్పుడు, ఆపైన 2016లో కట్టిన ఓవేషన్ ఆఫ్ ద సీస్‌ను అదే ఏడాది చివర్లో తెచ్చి నిలబెట్టినప్పుడు ఈ అలవాటు మారింది. దాదాపు 4,900 మంది పట్టే కొత్త ఓడ నగరం నడిబొడ్డున కనిపించేసరికి, పాత ఓడల్లో పాత ధరకు టికెట్లు అమ్మడం మిగతావాళ్లకు కష్టమైంది. 2017, 2018 సంవత్సరాల్లో ఏడాదికి 13 లక్షలకు పైగా ఆస్ట్రేలియన్లు విహార నౌకలెక్కారు. రెండున్నర కోట్ల జనాభాలో అది చిన్న సంఖ్య కాదు. మీ వ్యాసం వర్ణించిన పోటీ ఆ రోజులది.

ఆ పోటీ మరింత పెరగకుండా అప్పట్లోనే అడ్డుపడింది సిడ్నీ రేవు. సర్క్యులర్ కీ దగ్గర, ఒపెరా హౌస్‌కు ఎదురుగా ఉన్న ఓవర్సీస్ ప్యాసింజర్ టెర్మినల్ 1960లో కట్టినది. అక్కడ ఒకసారికి ఒక్క పెద్ద ఓడే నిలబడగలదు. 2013లో వైట్ బే దగ్గర మరో టెర్మినల్ తెరిచారు కానీ, అది హార్బర్ వంతెనకు అవతలి పక్కన ఉంది. వంతెన కింద ఉన్న ఎత్తు 49 మీటర్లే కనుక ఓవేషన్ లాంటి పెద్ద ఓడలు దాని కింద నుంచి వెళ్లలేవు. వంతెన దాటగల చిన్న ఓడలకు రెండు చోట్లు ఉన్నాయి. దాటలేని పెద్ద ఓడలన్నింటికీ మిగిలేది ఒక్క చోటే. నౌకాదళం వాడుకునే గార్డెన్ ఐలండ్‌లో చోటు అప్పుడప్పుడూ దొరుకుతుంది కానీ, దాన్ని నమ్ముకుని సీజన్ వేసుకోలేరు. పోర్ట్ బోటనీ వైపు మూడో టెర్మినల్ కట్టాలన్న ఆలోచన స్థానికుల వ్యతిరేకత మధ్య అటకెక్కింది. ఒక శనివారం ఉదయం ఆ గట్టు దగ్గర నిలబడి చూస్తే ఈ వ్యాపారం గుట్టు మొత్తం కళ్లకు కడుతుంది. తెల్లవారకముందే ఓడ గట్టుకు చేరుతుంది, వేలమంది పెట్టెలు లాక్కుంటూ దిగుతారు, ఫోర్క్‌లిఫ్టులు కూరగాయల పెట్టెలనూ పరుపు దుప్పట్ల మూటలనూ లోపలికి తోస్తాయి, మధ్యాహ్నానికల్లా మరో కొన్ని వేలమంది ఎక్కుతారు, చీకటి పడకముందే ఓడ వెళ్లిపోతుంది. ఆ రోజు ఆ గట్టు ఎవరిదైతే ఆ రోజు వ్యాపారం వాళ్లది. కొత్త సంస్థ ఎంత చవకగా టికెట్ ఇస్తానన్నా, జనవరిలో శనివారాలు ముందే నిండిపోయి ఉంటే బుధవారం ఓడ ఎక్కడానికి ఉద్యోగస్థులు ఎంతమంది వస్తారు?

బ్రిస్బేన్‌లోనూ కథ దాదాపు ఇదే. నగరానికి దగ్గరగా ఉన్న పోర్ట్‌సైడ్ వార్ఫ్‌కు చేరాలంటే నది మీద ఉన్న గేట్‌వే వంతెన దాటాలి. పెద్ద ఓడలు దాటలేక సరుకు రేవులో, కంటైనర్ల పక్కన నిలబడేవి. చివరికి నది ముఖద్వారం దగ్గర లగేజ్ పాయింట్‌లో కట్టిన కొత్త టెర్మినల్ 2022లో తెరుచుకుంది. దాని వెనుక ఒప్పందం ఉంది. ముందుగా వ్యాపారానికి హామీ ఇచ్చినందుకు ఓడలు నిలిపే రోజులను ఎంచుకోవడంలో కార్నివాల్‌కు ప్రాధాన్యం దక్కింది. పోటీని కాపాడవలసిన ప్రభుత్వ సంస్థ ఏసీసీసీయే 2017లో దీనికి అనుమతినిచ్చింది. ఈ హామీ లేకపోతే టెర్మినలే రాదు, అది వస్తే అందరికీ లాభం, కనుక కొంత ప్రాధాన్యాన్ని సహించవచ్చు అన్నది అందులోని తర్కం. నాకు ఆ తర్కం తప్పుగా తోచదు. ఆ కొత్త గట్టుకే ఆ తర్వాత రాయల్ కరీబియన్ వాళ్ల క్వాంటమ్ ఆఫ్ ద సీస్ కూడా వచ్చింది కదా. అయినా మంచి రోజులను ఒకరు ముందుగా ఏరుకున్నాక మిగిలినవాటి కోసం జరిగేదాన్ని స్వేచ్ఛా పోటీ అని మీ వ్యాసం అన్నంత సులభంగా నేను అనలేను.

ఇక్కడ చట్టం వైపు నుంచి అడ్డు పెద్దగా లేదన్నది కూడా చెప్పాలి. దేశంలోని ఒక రేవు నుంచి మరో రేవుకు ప్రయాణికులను చేరవేయడంపై 2012 నాటి తీరప్రాంత వాణిజ్య చట్టం నియంత్రణ పెట్టినా, 5,000 టన్నులు దాటిన పెద్ద విహార నౌకలకు మంత్రిత్వ శాఖ మినహాయింపు ఇస్తోంది. విదేశీ జెండా ఎగరేసే ఓడ కూడా సిడ్నీలో ఎక్కించుకుని మెల్‌బోర్న్‌లో దింపవచ్చు. తలుపు బార్లా తెరిచే ఉంది. లోపల కూర్చోవడానికి పీట లేదు, అంతే.

మా మెల్‌బోర్న్ సంగతి వేరు. ఇక్కడ చోటు ఉంది, ఓడలే తగ్గాయి. రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి రోజుల్లో యూరప్ నుంచి లక్షల మంది వలసదారులు కాలుమోపిన స్టేషన్ పియర్ ఇప్పటికీ బలంగానే నిలబడి ఉంది. టాస్మేనియా దీవికి తిరిగే ఓడ 2022 అక్టోబరులో జీలాంగ్‌కు మారిపోయాక అక్కడ మరింత ఖాళీ మిగిలింది. కానీ విక్టోరియాలో రేవు రుసుములు పెంచారంటూ ప్రిన్సెస్, క్యూనార్డ్ సంస్థలు 2025–26 సీజన్ నుంచి ఈ రాష్ట్రానికి రాబోమని ప్రకటించాయి. 2023 డిసెంబరులో ఆర్భాటంగా వచ్చిన వర్జిన్ వాయేజెస్ ఓడ రెజిలియంట్ లేడీ ఒక్క వేసవి నడిచి, ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడుల భయం కారణంగా మరుసటి ఏడాది రాలేనంది. రేవు రుసుము పెంచిన ప్రభుత్వాన్నీ, వెళ్లిపోయిన సంస్థలనూ నేను సమానంగా తప్పుపట్టను. పియర్ మరమ్మతులకు డబ్బు కావాలి, అది వాడుకునేవాళ్ల నుంచే రావాలి. కానీ అలా వెళ్లిపోగలగడమే ఓడకు ఉన్న అసలు బలమని గ్రహించకపోతే ఈ మార్కెట్ అర్థం కాదు. హోటల్ కట్టినవాడు ఊరు విడిచి పోలేడు. ఓడకు ఆ బాధ లేదు, లంగరు ఎత్తితే చాలు.

మా ఇంట్లో జరిగినది చెబితే ఇది ఇంకా స్పష్టమవుతుంది. ఏ సంస్థ అన్నది ఇక్కడ అప్రస్తుతం. నాన్నకు డెబ్బై నిండిన సందర్భంగా సిడ్నీ నుంచి వనువాటుకు జనవరిలో తొమ్మిది రాత్రుల ప్రయాణానికి పదకొండు నెలల ముందే రెండు క్యాబిన్లు తీసుకున్నాను. అమ్మానాన్నలవి విమానం టికెట్లు, మెల్‌బోర్న్ నుంచి సిడ్నీకి మా నలుగురివీ టికెట్లు, ఓడ ఎక్కే ముందు రాత్రికి హోటల్ అన్నీ కుదిరాయి. నాన్న ఇండియాలో గోడ మీద క్యాలెండర్‌లో ఆ తొమ్మిది గడుల చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, మధ్యలో 'ఓడ' అని రాసి ఫొటో పంపారు. జూలైలో ఒక ఈమెయిల్ వచ్చింది. మీ ప్రయాణానికి సంబంధించి ముఖ్యమైన సమాచారం అని దాని శీర్షిక. ఓడను మరో ప్రాంతానికి కేటాయించినందువల్ల ఆ ప్రయాణం లేదని నాలుగో వాక్యంలో ఉంది. టికెట్ డబ్బు ఆరు వారాల్లో తిరిగి ఇచ్చారు. దానితోపాటు మరోసారి ప్రయాణానికి వాడుకోమని కొంత క్రెడిట్ ఇచ్చారు. అందులో వాళ్లను తప్పుపట్టడానికి లేదు. కానీ విమానం టికెట్ల నష్టం, హోటల్ అడ్వాన్సు మా నెత్తినే పడ్డాయి. పోటీ ఉందన్న నమ్మకంతో అదే వారానికి ఇంకో ఓడ వెతికాను. సిడ్నీ నుంచి ఆ వారంలో మాకు కుదిరేవి రెండే మిగిలాయి, రెండింటి ధరా మేం ముందు కట్టినదానికి ఒకటిన్నర రెట్లు దాటింది.

ఆ ఓడ ఎందుకు వెళ్లిపోయిందో తెలుసుకోవడానికి పెద్ద పరిశోధన అవసరం లేదు. సిడ్నీ ఓడకు అసలు పోటీ పక్క గట్టు ఓడతో కాదు, అమెరికాలోని మయామీ రేవుతో. అమెరికా నుంచి కరీబియన్‌కు వెళ్లే ప్రయాణికులు ఎక్కువ, రేవులు దగ్గర, రాబడి డాలర్లలో వస్తుంది. పైగా అక్కడ నౌకా సంస్థలు సొంత దీవులను సిద్ధం చేసుకున్నాయి. రాయల్ కరీబియన్‌కు బహామాస్‌లో కోకోకే ఉంది. అక్కడే గ్రాండ్ బహామా దీవిలో కార్నివాల్ 2025 జూలైలో సెలబ్రేషన్ కీ అనే విహార కేంద్రం తెరిచింది. దిగిన ప్రయాణికుడు తాగే కొబ్బరి నీళ్ల దగ్గర నుంచి కూర్చునే గొడుగు దాకా డబ్బంతా సంస్థకే చేరుతుంది. ఆస్ట్రేలియాలో ఛార్జీలు వసూలయ్యేది ఇక్కడి డాలర్లలో, ఇంధనం ఖర్చూ ఓడ మీద ఉన్న అప్పూ అమెరికా డాలర్లలో. ఇక్కడి ప్రధాన సీజన్ అక్టోబరు నుంచి ఏప్రిల్ వరకే కనుక, ఉత్తరార్ధగోళం వేసవికి అలాస్కా వెళ్లడానికీ రావడానికీ పసిఫిక్ మహాసముద్రం మొత్తం దాటాలి. వెళ్లే చోట్లూ తగ్గాయి. 2024 మేలో న్యూ కలెడోనియాలో అల్లర్లు చెలరేగి నౌమియా ప్రయాణాలు ఆగాయి, అదే ఏడాది డిసెంబరు 17న వచ్చిన 7.3 తీవ్రత భూకంపం వనువాటు రాజధాని పోర్ట్ విలా నగరాన్ని దెబ్బతీసింది. లెక్కలు వేసుకునేవాళ్లకు ఇంతకన్నా కారణాలు ఏం కావాలి? క్యూనార్డ్ తన క్వీన్ ఎలిజబెత్‌ను మయామీకి మళ్లించింది. 2023 అక్టోబరులో పిల్లలను మురిపిస్తూ వచ్చిన డిస్నీ వండర్ 2026 ఫిబ్రవరి తర్వాత ఇక్కడ సీజన్ నడపబోదని ప్రకటించారు. అంతకుముందు పశ్చిమ ఆస్ట్రేలియావాళ్లు నమ్ముకున్న క్రూయిజ్ అండ్ మారిటైమ్ వాయేజెస్ 2020 జూలైలో దివాలా తీసింది. కొత్త పేరు వచ్చినప్పుడు పత్రికల్లో పడేంత పెద్ద ఫొటో అది వెళ్లిపోయినప్పుడు పడదు. అందువల్ల పేర్ల జాబితా పెరుగుతూ పోతోందన్న భ్రమ కలుగుతుంది.

మీ వ్యాసంలో మరో మాట ఉంది. పోటీ ఉంటే ప్రయాణికుల హక్కులు వాటంతట అవే బాగుపడతాయని. ఇక్కడి అనుభవం అలా లేదు. 2020 మార్చి 19న రూబీ ప్రిన్సెస్ అనే విహార నౌక సిడ్నీలో దాదాపు 2,700 మందిని దింపింది. ఆ ఓడతో ముడిపడిన కోవిడ్ మరణాలు 28. అప్పటికి మార్కెట్‌లో పోటీ బాగానే ఉంది, అది ఎవరినీ కాపాడలేదు. ఆ ఓడను నడిపిన సంస్థ నిర్లక్ష్యంగా వ్యవహరించిందనీ, భద్రత గురించి ప్రయాణికులను తప్పుదోవ పట్టించిందనీ ఫెడరల్ కోర్టు 2023 అక్టోబరులో తేల్చింది. అయినా దావా వేసిన మహిళకు చేతికి వచ్చినది వైద్యానికి అయిన 4,423 డాలర్లు, దాని మీద వడ్డీ. నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది అదే ఏడాది డిసెంబరు 6న హైకోర్టు ఇచ్చిన తీర్పు. ఇక్కడ హైకోర్టు అంటే దేశంలో అత్యున్నత న్యాయస్థానమని మన పాఠకులకు గుర్తుచేయాలి. ఆ ఓడలో దాదాపు 700 మంది అమెరికా షరతులతో టికెట్ కొన్నవాళ్లు. అందరూ కలిసి ఉమ్మడిగా దావా వేయకూడదని ఆ షరతుల్లో ఒక నిబంధన ఉంది. అది అన్యాయమైన నిబంధన కనుక ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం చెల్లదని కోర్టు చెప్పింది. టికెట్ కొనేటప్పుడు మనం చదవకుండా టిక్కు పెట్టే ఆ పేజీల్లో ఏముందో ఏ పోటీ సంస్థా ప్రకటన వేసి మనకు చెప్పలేదు. మా షరతులు మెరుగ్గా ఉన్నాయని బోర్డు కట్టిన సంస్థను నేను ఇంతవరకు చూడలేదు.

ఛార్జీల విషయంలోనూ అంతే. ఇక్కడ ప్రకటనలో కనిపించే ధరలో రేవు రుసుములు, పన్నులు, విదేశానికి బయలుదేరే ప్రయాణికుల మీద 2024 జూలై నుంచి 70 డాలర్లైన ప్యాసింజర్ మూవ్‌మెంట్ ఛార్జీ, అన్నీ కలిసే ఉంటాయి. అది వ్యాపారుల ఉదారత కాదు, తప్పనిసరి ఖర్చులన్నీ కలిపిన ఒకే మొత్తాన్ని చూపాలని వినియోగదారుల చట్టం చెప్పబట్టే అలా ఉంది. పోటీ జరిగేది ఆ ఒక్క అంకె మీదే కాబట్టి దాన్ని వీలైనంత తగ్గించి చూపి, ఎక్కాక ఇంటర్నెట్టుకూ, పానీయాలకూ, ప్రత్యేక భోజనశాలలకూ, రేవుల్లో తిప్పే బస్సులకూ విడివిడిగా వసూలు చేస్తారు. చవక టికెట్ అని సంబరపడ్డవాళ్లు చివరి రోజు క్యాబిన్ తలుపు దగ్గర బిల్లు చూసుకున్నప్పుడు అసలు ధర తెలుస్తుంది.

అందువల్ల మీకు నా విన్నపం. ఇకపై నౌకా ప్రయాణాల ధరల పట్టిక వేసినప్పుడు ప్రతి పేరు పక్కనా దాని మాతృసంస్థ పేరు కూడా వేయండి. ఓడ మరుసటి సీజన్‌కు కూడా ఇక్కడికి వస్తుందని సంస్థ ప్రకటించిందో లేదో ఒక గడిలో రాయండి. రద్దయితే విమానం టికెట్లకూ హోటల్‌కూ ఏమిస్తారో అడిగి, వచ్చిన జవాబును ఉన్నదున్నట్టు అచ్చువేయండి, జవాబు రాకపోతే ఆ గడిని ఖాళీగా వదిలేయండి. సొంత ఊరి రేవు నుంచి బయలుదేరే ఓడ దొరికితే నాలుగు డాలర్లు ఎక్కువైనా అదే మేలని, అందరి టికెట్లూ మార్చుకునే వీలున్నవే తీసుకోవాలని పాఠకులకు చెప్పండి. ఈ రెండో ముక్క ముందే తెలిసి ఉంటే మాకు పద్దెనిమిది వందల డాలర్లు మిగిలేవి.

వాళ్లిచ్చిన క్రెడిట్ ఇంకా నా దగ్గరే ఉంది, దాని గడువు వచ్చే ఏడాదితో ముగుస్తుంది. దాన్ని మెల్‌బోర్న్ నుంచి వాడుకుందామని చూస్తే ఆ సంస్థ పట్టికలో మా రేవు పేరే లేదు. నాన్నను అడిగితే, ఈసారి క్యాలెండర్ మీద పెన్సిల్‌తో రాస్తానన్నారు.

భవదీయుడు,
ఒక తెలుగు పాఠకుడు,
పాయింట్ కుక్, మెల్‌బోర్న్